పరిశోధన పత్ర సమర్పణ - ఆధారాల అప్పగింత: అమరావతి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పరిశోధన పత్రాన్ని సిద్ధం చేసి పత్రికకు సమర్పించే పద్ధతిపై తెలుగులో వెలువడే సూచనలు ఎక్కువగా అక్షరాల పరిమాణం, పుటల సంఖ్య, సారూప్య శాతం చుట్టూ తిరుగుతున్నాయి. పత్రంలోని ఆధారాన్ని సమీక్షకుడు తిరిగి చూడగలిగేలా అందించడం అనే మూల బాధ్యత వాటి వెనుక మరుగున పడుతోంది. పెదకూరపాడు శాసనసభ నియోజకవర్గంలోని అమరావతి గురించి 1807లో అచ్చయిన వృత్తాంతం, కావలి సోదరుల అనుభవం, ‘నాగబు’ పదంపై చర్చ, పల్నాటి వీరగాథ పాఠాలు ఉదాహరణలుగా ఈ వ్యాసం ఆ బాధ్యతను పరిశీలిస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు తెలుగు వాక్యానికి ఎంతవరకు సరిపోతాయన్నదీ చర్చిస్తుంది.

కీలకపదాలు: పరిశోధన పత్రం, ఆకరం, సమీక్ష, గ్రంథచౌర్యం, అమరావతి, నాగబు, కావలి సోదరులు, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

పెదకూరపాడుకు సమీపంలో, కృష్ణానది ఒడ్డున ఉన్న అమరావతి, శాసనసభ నియోజకవర్గం రీత్యా పెదకూరపాడులో భాగం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి ఈ ప్రాంతమంతా పల్నాడు జిల్లాలో ఉంది. ఇక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లిన పరిశోధక విద్యార్థికి విషయాల కొరత లేదు. మహాచైత్యం ఉంది. దాతల పేర్లతో నిండిన ప్రాకృత శాసనాలు ఉన్నాయి. మెకంజీ సేకరణలో చేరిన గ్రామ కైఫియత్తులు ఉన్నాయి. పడమరగా వెళ్తే కారెంపూడి వీరుల గుడి, వీరగాథా సంప్రదాయం ఉన్నాయి. ఇంత సామగ్రి ఉన్నా, స్థానిక చరిత్రపైనా ప్రాచీన భాషపైనా వచ్చే పత్రాల్లో చాలావాటికి మొదటి పేరా ఒకే అచ్చులో పోసినట్లు ఉంటుంది: తెలుగులో తొలి పదం ‘నాగబు’, అది అమరావతిలో దొరికింది, కనుక తెలుగు రెండువేల ఏళ్లనాటి భాష. ఆ రాయి ఏది, దాన్ని ఎవరు ఎక్కడ చదివారు, ఆ పఠనాన్ని ఎవరైనా కాదన్నారా అన్న ప్రశ్నలకు ఆ పేరాలో చోటుండదు.

అలాంటి పత్రం పత్రిక నిర్దేశించిన ఖతిలో, నిర్దేశించిన అంచులతో, సంగ్రహం, కీలకపదాలు, ఉపయుక్త గ్రంథసూచితో చక్కగా అమరి వస్తుంది. సారూప్య నివేదికలో శాతం కూడా తక్కువే చూపిస్తుంది. సమర్పణకు అవసరమైనవన్నీ అందులో ఉంటాయి. పరిశోధనకు అవసరమైనది మాత్రం ఉండదు. ఈ అంతరం ఎక్కడ ఏర్పడుతోందో తెలియాలంటే అమరావతి మొదటిసారి ఒక పరిశోధన సంచికలోకి ఎక్కిన సందర్భం దగ్గరకు వెళ్లడం ఉపయోగకరం.

2. 1807 నాటి వృత్తాంతం

పద్దెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి పట్టణం కట్టిస్తుండగా, రాళ్ల కోసం దీపాలదిన్నెను తవ్వినప్పుడు శిల్పాలు బయటపడ్డాయి. ఆ వార్త విని 1797లో కోలిన్ మెకంజీ అక్కడికి వచ్చి చూశారు. ఆయన రాసిన వివరాలు కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ప్రచురించిన ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ తొమ్మిదో సంపుటంలో 1807లో అచ్చయ్యాయి. అవి అచ్చయిన చోటు గమనించదగినది. జైనుల గురించిన వృత్తాంతంతో కలిపి వాటిని ప్రకటించారు. అమరావతి శిల్పాలు జైనానికి చెందినవై ఉంటాయని మెకంజీ అప్పట్లో భావించడమే అందుకు కారణం.

ఆ నిర్ణయం తప్పు. 1868లో ఫెర్గూసన్ గ్రంథం వెలువడేనాటికి ఈ స్తూపం బౌద్ధమన్నది స్థిరపడింది. అయినా మెకంజీ వృత్తాంతాన్ని తరువాతి పండితులు పక్కన పడేయలేదు; బర్జెస్ సహా అమరావతిపై రాసినవారు దాన్ని మొదటి ఆకరాల్లో ఒకటిగా వాడుకుంటూనే వచ్చారు. తప్పు నిర్ణయంతో ఉన్న రచన రెండు శతాబ్దాలు పనికి రావడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. దిబ్బ ఎలా ఉంది, రాళ్లు ఎక్కడ పడి ఉన్నాయి, వాటిపై ఏ ఆకృతులు కనిపిస్తున్నాయి అన్నది ఒకవైపు. ఇవి ఎవరివై ఉంటాయన్న ఊహ ఇంకొకవైపు. రెండూ కలిసిపోలేదు. కనుక ఊహ వీగిపోయినా వర్ణన మిగిలింది. 1816 తరువాత మెకంజీ బృందం గీసిన చిత్రాల విలువ మరింత ఎక్కువ. ఆ తరువాతి కాలంలో అనేక శిలలు సున్నపు బట్టీల పాలయ్యాయి. కొన్ని శిల్పాలకు ఈ చిత్రాలు తప్ప మరో సాక్ష్యం లేదు.

ప్రస్తుత తెలుగు పత్రాల్లో తరచుగా కనిపించే లోపాన్ని దీనితో పోల్చి చూడవచ్చు. పరిశీలన, అభిప్రాయం ఒకే వాక్యంలో కలిసిపోతాయి. “ఈ శిల్పంలో ఆంధ్రుల స్వాతంత్ర్యేచ్ఛ ద్యోతకమవుతుంది” వంటి వాక్యం ఎదురైనప్పుడు శిల్పంలో ఏముందో పాఠకుడికి తెలియదు. రచయిత అభిప్రాయం తప్పని రేపు తేలితే, దిద్దుకోవడానికి అందులో ఏమీ మిగలదు. నవలపైనో కథలపైనో రాసిన పత్రాలకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో ఇతివృత్త సంగ్రహమే ముప్పాతిక భాగం ఆక్రమించి, చివర “ఈ విధంగా రచయిత సమాజాన్ని ప్రతిబింబించారు” అన్న తీర్పుతో ముగిసేవి తక్కువేమీ కాదు. సంగ్రహానికీ తీర్పుకూ నడుమ విశ్లేషణ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది.

పేరు విషయంలో చిన్న తప్పు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి కూడా అమరావతే చాలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలకు ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న పేరు స్థిరపడింది. ఆ రాయి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవాటినీ ‘అమరావతి మార్బుల్స్’ అనే వ్యవహరించారు. తెలుగు వ్యాసాల్లో వాటిని నేటికీ ‘పాలరాతి శిల్పాలు’ అనడం చూస్తాం. పల్నాటి నేలమీద పుట్టిన పరిశోధకుడు కూడా కాళ్ల కింది రాయిని ఇంగ్లీషు పుస్తకంలోని మాటతో పిలవడం ఆకరాన్ని చూడకుండా ఉటంకింపును చూసి రాయడం వల్ల జరిగేదే.

3. కావలి సోదరులు: పేరు, సమీక్ష

ఆ తొమ్మిదో సంపుటంలోనే ఒక తెలుగువాడి పేరు అచ్చయింది. ముడ్గేరిలోని ఒక జైన గురువు నుంచి సేకరించిన వృత్తాంతాన్ని మెకంజీ కోసం కావలి బొర్రయ్య అనువదించినట్లు దాని శీర్షికే చెబుతుంది. బొర్రయ్య 1803లోనే మరణించారు. తన పేరుతో అచ్చయిన పుట ఆయన చూడలేదు. సమాచారం సేకరించి, భాష తెలిసి, విషయాన్ని అర్థం చేసుకొని మరో భాషలోకి తెచ్చిన వ్యక్తికి ఆ శీర్షిక ఇచ్చిన స్థానం అనువాదకుడిది మాత్రమే. అయినా పేరైతే ఉంది. ఆ కాలపు ఆనవాయితీతో పోలిస్తే అది చిన్న విషయం కాదు.

బొర్రయ్య తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య కథ పరిశోధన సమర్పణ చరిత్రకు ఇంకా దగ్గరిది. మెకంజీ 1821లో మరణించిన తరువాత, ఆయన ప్రారంభించిన సేకరణను కొనసాగించడానికి లక్ష్మయ్య ఒక ప్రతిపాదన సమర్పించారు. దానికి తన పనిని తెలిపే సంగ్రహాన్ని జతచేశారు. ప్రభుత్వం ఆ ప్రతిపాదనను బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ అభిప్రాయానికి పంపింది. సొసైటీ పత్రాల పరిశీలక సంఘం 1836లో ప్రతికూలంగా నివేదించింది. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. అంత విస్తారమైన, పరస్పరం పొసగని సామగ్రిని విమర్శనాత్మకంగా వడపోయడానికి, సంగ్రహాన్ని బట్టి చూస్తే, లక్ష్మయ్య అర్హత చాలదన్నది ఆ నివేదిక సారాంశం. అక్కడితో ఆగి ఉంటే అది ఒక పత్రంపై తీర్పు అయి ఉండేది. కానీ ఏ స్వదేశీయుడికైనా ఆ అర్హత ఉంటుందని చెప్పలేమని, వారు సహాయకులుగా ఉపయోగపడవచ్చునని కూడా ఆ నివేదిక అన్నది. ఆ సేకరణను పరిశీలించే పని తరువాత విలియం టేలర్‌కు దక్కింది.

నికలస్ డర్క్స్, ఫిలిప్ వాగనర్, రమాసుందరి మంతెన వంటి చరిత్రకారులు మెకంజీ సహాయకుల పాత్రను పునఃపరిశీలించారు. వలస పాలకుల జ్ఞాననిర్మాణంలో స్థానిక పండితులు కేవలం సమాచార వాహకులా, భాగస్వాములా అన్న చర్చ అక్కడ విస్తృతంగా జరిగింది. దాన్ని ఇక్కడ తిరిగి నడపనక్కరలేదు. సమీక్ష అనే ప్రక్రియ దృష్ట్యా చూస్తే 1836 నివేదికలో రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి రచన గురించి మాట్లాడుతుంది. రెండోది రచయిత పుట్టుక గురించి. మొదటిదానికి జవాబు చెప్పవచ్చు: సంగ్రహాన్ని దిద్దవచ్చు, ఆధారాన్ని కలపవచ్చు, వాదాన్ని బిగించవచ్చు. రెండోదానికి జవాబే లేదు. రచయిత ఎంత దిద్దినా పుట్టుక మారదు.

రచయిత ఎవరో సమీక్షకుడికి, సమీక్షకుడు ఎవరో రచయితకు తెలియకుండా నడిపే నేటి విధానం ఆ రెండో గొంతును నొక్కడానికే పుట్టింది. తెలుగు అధ్యయన రంగం చిన్నది. ఫలానా కవిపై పరిశోధన జరుగుతున్నది ఫలానా విశ్వవిద్యాలయంలోనని అందరికీ తెలుసు. పత్రం చివర “పర్యవేక్షకులైన ఆచార్యులకు కృతజ్ఞతలు” అని పేరుతో సహా రాసి, ఫైలుకు తన పేరే పెట్టి పంపే విద్యార్థి ఆ పలుచని తెరను తానే తొలగిస్తున్నాడు. కులం, ప్రాంతం, గురుపరంపర పేరును బట్టి తెలిసిపోయే సమాజంలో ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయం కాదు. కృతజ్ఞతలు, సంస్థ పేరు, పర్యవేక్షకుల పేరు వేరే పుటలో ఉంచి పంపాలని పత్రికలు అడుగుతాయి. అడగకపోయినా రచయిత ఆ పని చేయడం తన పత్రానికి రక్షణ.

అయితే రెండో గొంతును అణచడంలో మొదటి గొంతు కూడా అణగిపోతే ప్రయోజనం లేదు. “ప్రచురణార్హం” అన్న ఒక్క మాటతో తిరిగివచ్చే సమీక్ష లక్ష్మయ్యకు వచ్చిన తిరస్కారం కంటే మెరుగైనదిగా కనిపించవచ్చు. ఆ ఒక్క మాట వెనుక పత్రం చదివినట్లు నిదర్శనం ఉండదు. తన సంగ్రహంలో ఏ లోపం ఉందని సంఘం భావించిందో లక్ష్మయ్య తెలుసుకొనే వీలు కొంతైనా ఉండేది; ఒక్క మాట సమీక్ష అందుకున్న రచయితకు అదీ ఉండదు.

4. ‘నాగబు’ను ఎలా సమర్పించాలి

అమరావతి స్తూప శిలాశకలం మీది బ్రాహ్మీ అక్షరాల్లో ‘నాగబు’ అన్న పదాన్ని గుర్తించి, దాన్ని తెలుగు పదంగా ప్రకటించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. ప్రాకృత శాసనాల నడుమ ‘-ంబు’ అంతంలో ఉండే తెలుగు నామరూపాన్ని పోల్చగలగడం సామాన్యమైన చూపు కాదు. ‘-ము, -ంబు, -మ్ము’ రూపాల పరిణామం తెలిసిన పండితుడికే అది తట్టుతుంది. అందుకే ఆ ప్రతిపాదన వ్యాకర్తలనూ భాషాచరిత్రకారులనూ ఆకర్షించింది.

ఆ తరువాత జరిగినది వేరు. ప్రతిపాదన నిర్ధారణగా మారింది. పోటీ పరీక్షల పుస్తకాల్లోకి, సభల ఉపన్యాసాల్లోకి, అక్కడి నుంచి పరిశోధన పత్రాల్లోకి చేరింది. శకలం విరిగినది కావడం వల్ల అది పూర్తి పదమా, లేక ‘నాగబుద్ధ’ వంటి వ్యక్తినామపు మొదటి అక్షరాలా అన్న సందేహాన్ని పండితులు వ్యక్తం చేశారు. అమరావతి దాతల పేర్లలో ‘నాగ’ శబ్దంతో మొదలయ్యేవి విరివిగా ఉన్నాయి కనుక ఆ సందేహం బలమైనది. ఇక పదాంతంలోని అనుస్వారం ఎందుకు లేదు అన్న ప్రశ్నకు, బ్రాహ్మీ శాసనాల్లో దాన్ని రాయకుండా వదలడం కద్దు అన్న జవాబు ఉంది. ఆ జవాబు ప్రతిపాదనను సంభావ్యం చేస్తుంది, నిరూపించదు.

ఈ అంశంపై పత్రం సిద్ధం చేసే విద్యార్థి ముందున్న పని దీన్నిబట్టి తేలుతుంది. ఆ పఠనాన్ని మొదట ప్రకటించిన రచనను స్వయంగా తెరిచి చూడాలి. దాన్ని ఉటంకించిన పాతికేళ్లనాటి పాఠ్యపుస్తకాన్ని చూసి రాయకూడదు. తరువాత ఆ శకలం సంఖ్య. లూడర్స్ 1912లో ప్రకటించిన బ్రాహ్మీ శాసనాల పట్టిక, మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం ఇందుకు మొదట తిరగేయవలసినవి. అమరావతి రాళ్లు నేడు ప్రధానంగా మూడుచోట్ల చెదిరి ఉన్నాయి: అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాల, చెన్నై ఎగ్మూరు మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం. పెదకూరపాడు నుంచి మొదటిదానికి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. తక్కినవాటికి అచ్చయిన చిత్రాలు ఉన్నాయి. పదం తరువాత రాయి ఎక్కడ విరిగింది, ‘బు’ తరువాత మరో అక్షరానికి చోటుందా, ముందు ఏమైనా గీతలు ఉన్నాయా అన్నది చిత్రంలోనే తేలాలి. ఆ చిత్రాన్నో దాని ప్రచురణ వివరాన్నో జతచేయకుండా ‘నాగబు’పై ఏ పక్షాన వాదించినా సమీక్షకుడి చేతికి పరీక్షించదగినది ఏమీ ఇచ్చినట్లు కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ‘నాగబు’ తెలుగు ప్రాచీనతకు గుర్తుగా, అభిమాన చిహ్నంగా స్థిరపడింది. దాన్ని ప్రశ్నించడం అనవసరమని భావించేవారు ఉన్నారు. ప్రభాకరశాస్త్రి పట్ల గౌరవం ఆ వైఖరిలో ఉంది కాని ఆయన పద్ధతి లేదు. తాళపత్రాలనూ శాసనాలనూ తన కళ్లతో చదివిన పండితుడి మాటను చదవకుండానే నమ్మడం ఆయన చేయని పని.

5. పాఠం ఏది, గొంతు ఎవరిది

పల్నాటి వీరగాథపై వచ్చే పత్రాల్లో “పల్నాటి వీరచరిత్రలో ఇలా ఉంది” అని రాసి ముందుకు సాగేవి చాలా ఉంటాయి. ఏ పల్నాటి వీరచరిత్ర? శ్రీనాథుడి పేరిట ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. దాని కర్తృత్వంపైనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మరోవైపు, అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ పల్నాటిలో పాడే కథను గాయకుడి నోట రికార్డు చేసి, అనువాదంతో, అధ్యయనంతో 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించారు. ఆ గాయకుడు ఆలిశెట్టి గాలేయ్య. ద్విపద చదివేవారి కథ, గాలేయ్య పాడిన కథ, కారెంపూడి ఉత్సవంలో నేడు వినే కథ ఒకటే కావు. పాత్రల చిత్రణపై తీర్పు చెప్పే పత్రం ఏ పాఠాన్ని చేతబట్టిందో మొదటి పుటలోనే చెప్పకపోతే, తరువాతి పుటల్లోని ఉటంకింపులు ఒకదానితో ఒకటి పేచీ పడతాయి.

గాలేయ్య పేరు ఆ గ్రంథంలో నిలిచింది కనుకనే ఆ పాఠానికి ఒక చిరునామా ఉంది. క్షేత్రపర్యటనలో పాటలు, కథలు సేకరించే తెలుగు విద్యార్థుల్లో కొందరు “ఒక వృద్ధ కళాకారిణి పాడగా” అని సరిపెడతారు. ఆమె అనుమతితో పేరు, ఊరు, తేదీ నమోదు చేయడం కృతజ్ఞతకు మించిన అవసరం. రేపు మరొకరు అదే పాటను మరో ఊళ్లో విన్నప్పుడు రెంటినీ పోల్చడానికి ఉన్న దారి అదొక్కటే. ఆమె పేరు వద్దంటే ఆ మాటా రాయాలి.

కైఫియత్తుల విషయంలో పొరపాటు మరో రకం. కరణాల నుంచి మెకంజీ బృందం రాయించిన గ్రామవృత్తాంతం పన్నెండో శతాబ్ది సంగతులు చెప్పినా, అది పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఊరు తన గతాన్ని ఎలా చెప్పుకున్నదో తెలిపే సాక్ష్యం. పన్నెండో శతాబ్దికి దాన్ని నేరుగా ప్రమాణంగా చూపితే సమీక్షకుడు వెనక్కి పంపడం సబబే.

6. పద్నాలుగు పదాలు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం గ్రంథచౌర్య నివారణకు 2018లో నిబంధనలు తెచ్చింది. సారూప్యం 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60కి పైన అన్న మెట్లను బట్టి సిద్ధాంతగ్రంథం దిద్ది తేవడం మొదలు నమోదు రద్దు వరకు శిక్షలు ఉన్నాయి. ప్రచురించిన పత్రంలో దోషం తేలిన అధ్యాపకుడికి వేతన పెరుగుదల ఆగుతుంది. పర్యవేక్షక హోదాకూ విరామం పడుతుంది. సారూప్యం లెక్కలో సాధారణ విజ్ఞానంగానో యాదృచ్ఛికంగానో కలిసే వరుస పదాలను 14 వరకు మినహాయించారు.

ఈ 14 అన్న అంకె దగ్గర తెలుగు వాక్యం ఆగి ఆలోచించాలి. “పరిశోధకుడు అమరావతిలో దొరికిన శాసనాలను పరిశీలించినప్పుడు దాతలలో స్త్రీలు అధికంగా ఉన్నట్లు గమనించాడు” అన్న వాక్యంలో 10 పదాలున్నాయి. ఇదే విషయం ఇంగ్లీషులో చెప్తే 18 పదాల వరకు పడతాయి. విభక్తి ప్రత్యయాలు పదంలోనే కలిసిపోయే భాషలో, సంధి రెండు మాటలను ఒకటి చేసే భాషలో, 14 పదాలంటే ఒక పూర్తి వాక్యం, మరో వాక్యంలో కొంత. ఆటవెలది ఒకటి దాదాపు అందులో ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో యాదృచ్ఛికంగా కలిసే పదబంధాన్ని ఉద్దేశించిన మినహాయింపును యంత్రంలో యథాతథంగా అమర్చితే, తెలుగులో ఒక విమర్శకుడి పూర్తి వాక్యం పట్టుబడకుండా దాటిపోతుంది. అంకెను మార్చడం నిబంధనలు చేసేవారి పని. తెలుగు శాఖల్లో నివేదికను చదివే పర్యవేక్షకుడు మాత్రం శాతాన్ని చూసి సంతకం చేయడం చాలదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

యంత్రానికి తెలుగులో ఉన్న గుడ్డితనం ఇంతటితో పోదు. అను ఖతుల్లో కూర్చిన పుస్తకం నుంచి పాఠ్యాన్ని వెలికితీస్తే చాలావరకు అర్థం లేని రోమన్ గుర్తులే వస్తాయి. అలాంటి పుస్తకం నుంచి ఎత్తిరాసిన పేరాకు పోలిక దొరకదు. శోధగంగలో చిత్రాలుగా ఎక్కించిన సిద్ధాంతగ్రంథాల పరిస్థితీ అదే. గ్రాంథికంలోని విమర్శను వాడుకభాషలోకి మార్చితే క్రియాపదాలన్నీ మారతాయి. వాదం, క్రమం, ఉదాహరణలు, చివరకు అచ్చుతప్పులతో సహా అలాగే ఉంటాయి. సారూప్యం సున్నా. ఇది పట్టుకోగలిగేది ఆ గ్రాంథిక విమర్శను చదివిన మనిషి ఒక్కరే. ఆ మేరకు తెలుగు పత్రికకు మంచి సమీక్షకుడి అవసరం ఇంగ్లీషు పత్రికకు కంటే ఎక్కువ.

దీనికి విరుద్ధమైన అన్యాయమూ ఉంది. ఛందస్సుపైనో పాఠభేదాలపైనో రాసే పత్రం పద్యాలను విరివిగా ఉటంకించక తప్పదు. మూలాన్ని చూపిన ఉటంకింపులను లెక్కలోంచి తీసేయాలని నిబంధనే చెబుతున్నా, తెలుగు ఉటంకింపు చిహ్నాలను యంత్రం గుర్తించనప్పుడు శాతం పెరిగి, నిజాయితీగా రాసిన విద్యార్థి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

7. సమర్పణకు ముందు, తరువాత

పత్రికల సూచనల్లోని సాంకేతిక విషయాలు చాలావరకు స్పష్టమైనవే, వాటిపై విస్తరించనక్కరలేదు. యూనికోడ్‌లో రాయాలి. ఒకే పత్రాన్ని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపకూడదు. ఉటంకింపు పద్ధతి ఏదైనా ఆద్యంతం ఒకటే ఉండాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చిన పాఠ్యంలో వత్తులు, సున్నలు తారుమారవుతాయి కనుక మార్పిడి తరువాత పద్యాలను గణవిభజన చేసి చూడడం తెలుగు పరిశోధకుడికి ఉన్న ప్రత్యేకమైన వసతి. వచనంలో పోయిన అక్షరం కంటికి దొరక్కపోవచ్చు. చంపకమాలలో పోతే గణం చెడి తానే బయటపడుతుంది. గణభంగంతో అచ్చయిన పద్యాలు ఛందస్సుపై రాసిన పత్రాల్లోనే కనిపించడం విచారకరం.

పంపే తొందరకు కారణం కొంతవరకు నిబంధనలే. సిద్ధాంతగ్రంథం సమర్పించేలోగా కనీసం ఒక పత్రం ప్రచురించి ఉండాలని 2016 నిబంధనలు కోరాయి. 2022 నవంబరు నిబంధనలు ఆ షరతును తొలగించాయి. పత్రికల నాణ్యతకు గీటురాయిగా 2019 నుంచి నడిచిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేశారు. పత్రిక మంచిదా కాదా తేల్చుకొనే భారం ఇప్పుడు సంస్థలపైనా పరిశోధకులపైనా పడింది. జాబితా ఉన్న రోజుల్లో విద్యార్థి అడిగే మొదటి ప్రశ్న “అందులో ఉందా?” అన్నది. ఇప్పుడు ఆ పత్రిక గత సంచికలు తెరిచి చదవక తప్పదు. తన అంశంపై అందులో వచ్చిన పత్రాలు ఏమిటి, వాటిలో ఆకరాలు ఎలా ఉన్నాయి, సంపాదకవర్గంలో ఆ రంగం తెలిసినవారు ఉన్నారా అన్నది చూడడానికి ఒక సాయంత్రం చాలు. ఈ చదువు జాబితా రోజుల్లోనూ జరిగి ఉండవలసిందే.

సమీక్ష వచ్చిన తరువాతి ఘట్టం తెలుగులో సరిగా నేర్పనిది. సవరణలు కోరిన పత్రాన్ని చాలామంది అక్కడక్కడ మాటలు మార్చి, “సూచించినట్లు సవరించాను” అన్న ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. ప్రతి అభ్యంతరానికి వరుసగా జవాబు రాయడం, ఏ పుటలో ఏమి మారిందో చెప్పడం, అంగీకరించని చోట ఎందుకు అంగీకరించడం లేదో ఆధారంతో చూపడం రచయిత హక్కు కూడా. సమీక్షకుడు పొరబడవచ్చు. ‘నాగబు’ను సందేహించిన పత్రాన్ని “తెలుగు ప్రాచీనతకు వ్యతిరేకం” అన్న కారణంతో తిరస్కరిస్తే, అది 1836 నాటి రెండో గొంతుకు సమీపంగా ఉందని సంపాదకుడికి విన్నవించవచ్చు. శకలం సంఖ్య లేదన్న కారణంతో తిరస్కరిస్తే విన్నవించడానికి ఏమీ లేదు. ఆ పత్రాన్ని మర్నాడే మరో పత్రికకు పంపే ముందు మ్యూజియం పట్టిక తెరిచి, ఆ సంఖ్య వెతికి, మొదటి ఉటంకింపు పక్కన చేర్చాలి.